హాలండులో దిగాక...

డౌన్ సిండ్రోమ్‌తో బిడ్డ పుట్టిన ఇంటికి, ఇంగ్లీషు చదవగలిగిన వాళ్ళయితే, ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చే రచన ఒకటుంది. పేరు ‘వెల్‌కమ్ టు హాలండ్’. రాసినావిడ ఎమిలీ పెర్ల్ కింగ్‌స్లీ. రాసింది 1987లో. అంతా కలిపి రెండు పేజీలు నిండదు. ఒకప్పుడు జిరాక్సు కాగితాల మీద తిరిగేది, ఇప్పుడు ఫోనుల్లో తిరుగుతోంది. అమెరికాలో బయల్దేరి మన వీధుల దాకా వచ్చింది. ఇంత చిన్న రచన ఇంతమంది కన్నీళ్ళు తుడిచిందంటే అందులో ఏదో బలం వుండే వుండాలి. ఆ బలం ఏమిటి, అది ఎంతవరకు పనికొస్తుంది అన్నది చూద్దామనే ఈ నాలుగు మాటలూ.

వ్యాసం ఇదీ. బిడ్డ కోసం ఎదురు చూడటమంటే ఇటలీకి విహారయాత్ర పెట్టుకోవడం లాంటిదట. ఎన్ని ఏర్పాట్లని! దారి చూపే పుస్తకాలు కొంటాం, చూడవలసిన చోట్లన్నీ రాసుకుంటాం, పనికొస్తాయని నాలుగు ఇటాలియన్ ముక్కలు కూడా నేర్చుకుంటాం. పెట్టే బేడా సర్దుకుని విమానం ఎక్కుతాం. తీరా దిగేసరికి అది ఇటలీ కాదు, హాలండు! మనవాళ్ళకి చెప్పాలంటే కాశీకని టిక్కెట్టు కొనుక్కుని రైలెక్కితే రామేశ్వరంలో దింపినట్టన్నమాట. ఇక అక్కడే వుండాలి. అయితే హాలండేమీ పాడు చోటు కాదు. కాస్త నెమ్మది, ఆర్భాటం తక్కువ, అంతే. కొత్త పుస్తకాలు కొనుక్కోవాలి, కొత్త భాష నేర్చుకోవాలి. చుట్టూ చూస్తే గాలిమరలున్నాయి, తులిప్ పూలున్నాయి, రెంబ్రాంట్ బొమ్మలున్నాయి. తెలిసిన వాళ్ళంతా ఇటలీ వెళ్ళొచ్చి గొప్పలు చెబుతుంటే మనసు చివుక్కుమనక మానదు. కాని దక్కని ఇటలీ కోసం జీవితమంతా ఏడుస్తూ కూర్చుంటే ఎదురుగా వున్న హాలండు అందం కనబడకుండా పోతుంది. ఇదీ సారాంశం.

మెచ్చుకోవలసినవి ముందు మెచ్చుకోవాలి. ఇలాంటి సందర్భంలో కలం పట్టినవాళ్ళు మొట్టమొదట దేవుణ్ణి పిలుస్తారు. ఈవిడ పిలవలేదు. కర్మ అనలేదు, పరీక్ష అనలేదు, త్యాగం అసలే అనలేదు. నువ్వు దిగిన చోటు నరకం కాదు, వేరే చోటు అని చెప్పి వూరుకుంది. ఇటలీ మీద ఆశ పూర్తిగా ఎన్నటికీ చావదని కూడా ఒప్పుకుంది. ఏడవకు అని చెప్పే ఓదార్పు కన్నా, ఏడుపు వస్తుంది, అందులో తప్పు లేదు అని చెప్పే ఓదార్పు నిజాయితీ గలది. నన్నడిగితే ఈ వ్యాసం బతికి బట్టకట్టింది ఆ ఒక్క నిజాయితీ వల్లే.

పైగా ఆ మాట చెప్పే హక్కు ఆవిడకుంది. ఆవిడ కొడుకు జేసన్ 1974లో డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. ఈ పిల్లవాడు నడవడు, మాట్లాడడు, మిమ్మల్ని గుర్తు కూడా పట్టడు, ఏదైనా ఆశ్రమంలో వదిలేసి, పురిట్లోనే పోయాడని చుట్టాలకి చెప్పుకోండి అన్నాడట డాక్టరు. మొగుడూ పెళ్ళాం ఆ సలహా వినలేదు. బిడ్డని ఇంటికి తెచ్చుకున్నారు. ఎమిలీ అప్పటికే ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల టెలివిజన్ కార్యక్రమానికి రచయిత్రి. జేసన్ నడకైనా రాని వయసులోనే ఆ కార్యక్రమంలో కనిపించాడు. అమెరికాలో పిల్లలు తమతో సమానంగా ఆడుకునే ఇలాంటి పిల్లవాణ్ణి తెరమీద చూడటం ఆవిడ చలవే.

ఇంట్లో ఆవిడ చేసిన పనులు ఇంకా విచిత్రమైనవి. పుట్టిన మొదటి వారాల నుంచే శిక్షణ ఇస్తే ఈ పిల్లలు ఎంతో నేర్చుకోగలరన్న ఆలోచన అప్పుడప్పుడే మొలకెత్తుతున్న రోజులవి. ఈవిడ రకరకాల గుడ్డముక్కలతో, మఖమలుతో, తువాలు గుడ్డతో, గరుకు ముక్కలతో ఒక బొంత కుట్టింది. బిడ్డ ఏ పక్కకి దొర్లినా ఒంటికి కొత్త స్పర్శ తగలాలని! ఓ పెద్ద పళ్ళెం నిండా తినే జెల్లీ పోసి అందులో పిల్లాణ్ణి కూర్చోబెట్టింది. వాడు పిసుక్కున్నాడు, చప్పరించాడు, ఆడుకున్నాడు. ఆండ్రూ సాల్మన్ 2012లో అచ్చువేసిన ‘ఫార్ ఫ్రమ్ ది ట్రీ’ అనే బృహద్గ్రంథంలో ఈ సంగతులన్నీ వున్నాయి. ఆ బొంత గురించి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఆ తులిప్ పూల గురించి చదివినప్పుడు కలగలేదు. ఎందుకో చెబుతాను.

మా వీధిలో ఒక అమ్మాయి వుంది. బిడ్డకి ఆరో నెల. ఆసుపత్రిలో డాక్టరుగారు వరండాలో నిలబడి ఒక్క వాక్యంలో సంగతి చెప్పేసి అవతలి కేసు చూడటానికి వెళ్ళిపోయారట. ఆ వాక్యం తరవాత ఏం చెయ్యాలో చెప్పిన వాళ్ళు లేరు. ఎవరో పంపిన హాలండు వ్యాసం చదివి, నాకూ చదివి వినిపించింది. బాగుందా అని అడిగాను.

“బాగానే వుంది పిన్నిగారూ. చదువుతుంటే ఏడుపొచ్చింది. చదివాక కాస్త తేలిక పడ్డాను కూడా. కాని హాలండులో పిల్లల డాక్టరు ఏ వీధిలో వుంటాడో ఆవిడ రాయలేదేం?” అంది.

ఇంతకన్నా సూటి అయిన విమర్శ ఈ రచన మీద నేనింకెక్కడా చదవలేదు. ఆ ప్రశ్న చేతిలో పెట్టుకుని వ్యాసం మళ్ళీ చదవండి. కొత్త పుస్తకాలు కొనుక్కోవాలి, కొత్త భాష నేర్చుకోవాలి అని ఒక్క ముక్కలో అనేసి రచయిత్రి పూలతోటల వైపు వెళ్ళిపోయింది. అసలు కథంతా ఆ ఒక్క ముక్కలోనే వుంది! ఆ పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? ఆ భాష ఎవరు నేర్పుతారు? నేర్చుకోవడానికి వెళ్ళే రోజున కూలి ఎవరిస్తారు? పెద్దపిల్లని ఎవరు చూస్తారు? పోలికలో ఒక సుఖం వుంది. చిక్కుగా వున్న చోట్ల పోలిక పూలు పరుస్తుంది. బొంత కుట్టిన చెయ్యి తులిప్ పూల గురించి రాసి బొంత సంగతి దాచెయ్యడం నాకు నచ్చనిది అందుకే.

అయితే ఆవిడ పక్షాన ఒక మాట చెప్పాలి. 1987లో ఆ వ్యాసం చదివిన అమెరికా తల్లికి ఈ లోటు అంతగా తెలిసి వుండదు. దానికి ముందు సంవత్సరమే, 1986లో, ఆ దేశంలో ఒక చట్టం వచ్చింది. పుట్టింది మొదలు మూడేళ్ళ వరకు ఎదుగుదలలో వెనకబడే పిల్లలకి శిక్షణ అందించడానికి రాష్ట్రాలకు డబ్బిచ్చే చట్టం అది. అందులో నాకు నచ్చిన సంగతి, ఏర్పాటు బిడ్డ ఒక్కడి పేరున కాదు, కుటుంబం పేరున రాసుకోవాలనడం. ఈ ఇంటికి ఏం కావాలి, తల్లికి ఏం నేర్పాలి, ఎవరు ఎన్నిసార్లు రావాలి అని కాగితం మీద పెట్టాలి. అంటే హాలండులో అప్పటికే రోడ్లు పడటం మొదలైందన్నమాట. రోడ్లున్న వూళ్ళో నిలబడి పూల సంగతి చెప్పడం తప్పు కాదు. రోడ్డే లేని చోట ఆ వ్యాసం ఒక్కటే చేతికిస్తేనే వస్తుంది చిక్కు.

ఆ రోడ్ల మీద నడిచిన ఒక తండ్రి పుస్తకం వుంది. మైకేల్ బెరూబే అనే ఆయన సాహిత్యం బోధించే ప్రొఫెసరు. 1991లో ఆయన రెండో కొడుకు జేమీ పుట్టాడు. 1996లో ఆయన ‘లైఫ్ యాజ్ వీ నో ఇట్’ రాశాడు. నిజం చెప్పొద్దూ, ఆ పుస్తకంలో కొన్ని పేజీలు నా వల్ల కాలేదు. ఫూకో అనీ మరొకరనీ తత్వవేత్తలందర్నీ పిలిచి పేరంటం పెట్టాడు. పొయ్యిమీద పాలు పెట్టి చదివే పుస్తకం కాదది. కాని మిగతా పేజీలు! పుట్టిన బిడ్డకి ట్యూబుతో పాలు పట్టడం, మెడ ఒక పక్కకి బిగుసుకుపోతే రోజూ మెల్లగా తిప్పించడం, మాటలు రాకముందే చేతి సైగలు నేర్పడం, శిక్షణ ఇచ్చేవాళ్ళు ఇంటికి రావడం, వాళ్ళు చూపించింది తల్లీ తండ్రీ రోజంతా ఆటలా చేయించడం... ఒక్క పోలికా లేకుండా రాసుకుపోయాడు. ఇదంతా మా అదృష్టం కాదు, పన్నులు కట్టే జనం ఇచ్చిన హక్కు, దీన్ని పోనివ్వకూడదు అని వాదించాడు. హాలండు వ్యాసం చదివితే మనసు కుదుట పడుతుంది. ఈ పుస్తకం చదివితే మర్నాడు పొద్దున్న లేచి ఏం చెయ్యాలో తెలుస్తుంది. రెండూ కావాలి కాని, రెండోది లేకుండా మొదటిది ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఆ మర్నాటి సంగతులేమిటో కొన్నయినా చెప్పకపోతే నేనూ పూలతోటలో తిరిగినట్టే అవుతుంది.

మొదటిది, ఇది ఎవరి తప్పూ కాదు. మన శరీరంలో ప్రతి కణంలోనూ 23 జతల క్రోమోజోములుంటాయి. ఈ పిల్లల్లో 21వ జతకి ఇంకొకటి అదనంగా వచ్చి చేరుతుంది. జాన్ లాంగ్‌డన్ డౌన్ అనే ఇంగ్లీషు డాక్టరు ఈ లక్షణాలను 1866లో వర్ణించాడు. కారణం ఈ అదనపు క్రోమోజోమేనని ఫ్రాన్సులో 1959లో తేలింది. నూటికి 95 మందిలో ఇది కడుపులో పడేవేళ కాకతాళీయంగా జరిగిపోయేదే. తల్లి వయసు పెరిగే కొద్దీ అవకాశం పెరిగే మాట నిజమే గాని, చిన్న వయసు తల్లులకీ పుడుతున్నారు. కోడలు గ్రహణం చూసిందనీ, బొప్పాయి తిన్నదనీ, మా వంశంలో ఇలాంటివి లేవనీ అనే అత్తగార్లు దయచేసి ఈ పేరా రెండుసార్లు చదవాలి.

రెండోది గుండె. ఈ పిల్లల్లో నూటికి 40 నుంచి 50 మందికి పుట్టుకతోనే గుండెలో ఏదో ఒక లోపం వుంటుంది. పైకి ఏమీ కనిపించకపోయినా, డాక్టరు స్టెతస్కోపుకి వినిపించకపోయినా, పుట్టిన కొద్దిరోజుల్లోనే ఎకో పరీక్ష చేయించి తీరాలి. కొన్ని లోపాలకి మొదటి ఆరునెలల లోపే ఆపరేషన్ చెయ్యాల్సి వుంటుంది. ఏడాది గడిచాక చూద్దాం అంటే కొన్నిసార్లు సమయం మించిపోతుంది. 1983 ప్రాంతంలో అమెరికాలో కూడా ఈ పిల్లల సగటు ఆయుర్దాయం 25 ఏళ్ళు. ఇప్పుడు 60 దగ్గరికి వచ్చింది. గుండె ఆపరేషన్లు చెయ్యడం ఒక కారణం, ఆశ్రమాల్లో పారెయ్యకుండా ఇంట్లో పెంచుకోవడం ఇంకో కారణం.

తరవాత థైరాయిడ్, చెవులు, కళ్ళు. థైరాయిడ్ పరీక్ష పుట్టగానే ఒకటి, ఆరో నెలలో ఒకటి, ఏడాదికి ఒకటి, ఆ పైన ఏటేటా. చెవిలో నీరు చేరడం ఈ పిల్లల్లో మామూలు. వినబడక పలకని బిడ్డని మందబుద్ధి అనుకోవడం ఎంత అన్యాయమో చూడండి!

ఇక రోజువారీ పని. ఈ పిల్లల ఒళ్ళు మెత్తగా, పట్టు లేకుండా వుంటుంది. పాలు లాగడానికి ఆయాసపడతారు. తల్లికి పాలు లేవని నింద వేసి డబ్బాపాలు మొదలెట్టే ముందు, బిడ్డ తలకీ దవడకీ ఎలా ఆసరా ఇవ్వాలో తెలిసిన మనిషి పక్కన కూర్చుని చూపిస్తే చాలామంది పిల్లలు తల్లిపాలే తాగుతారు. మెలకువగా వున్నప్పుడు కాసేపు బోర్లా పడుకోబెట్టాలి. కూర్చోవడానికీ నిలబడటానికీ పద్ధతిగా సాయం పట్టాలి. సగటున రెండేళ్ళకి నడుస్తారు. ఏడాదికే నడిచేవాళ్ళున్నారు, నాలుగేళ్ళకి నడిచేవాళ్ళూ వున్నారు. మాట ఇంకా ఆలస్యం. కాని అర్థం చేసుకోవడం మాట కన్నా చాలా ముందు వుంటుంది. అందుకే సైగలు నేర్పుతారు. సైగలు నేర్పితే ఇక మాట్లాడడని భయపడే బామ్మలకి చెబుతున్నాను, సైగ మాటకి అడ్డం రాదు, మెట్టు వేస్తుంది. మన ఇళ్ళలో పిల్లలకి చేతులు తిప్పుతూ, చప్పట్లు కొడుతూ పాటలు పాడే బామ్మలందరూ తెలియకుండానే సగం స్పీచ్ థెరపిస్టులు!

ఇవేవీ మంత్రాలు కావు. అదనపు క్రోమోజోమును ఏ శిక్షణా తీసెయ్యలేదు. నేర్చుకోగలిగినదంతా నేర్చుకునే అవకాశం బిడ్డకివ్వడం, ఇంటివాళ్ళకి చేతులు కట్టుకు కూర్చోవలసిన ఖర్మ తప్పించడం, ఇంతే దీని పని. ఇది తక్కువ పనా?

మన హాలండులో రోడ్లు లేవా అంటే, అసలు లేకపోలేదు. సికింద్రాబాదు బోయినపల్లిలో మనోవికాస్ నగర్‌లో 1984లో కేంద్రప్రభుత్వం జాతీయ సంస్థ ఒకటి పెట్టింది. ఎన్.ఐ.ఎం.హెచ్. అనే పాత పేరుతోనే చాలామందికి తెలుసు, ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నారు. అక్కడ పసిపిల్లల కోసం అన్నిరకాల శిక్షణా ఒకేచోట దొరికే కేంద్రాన్ని 2021లో ప్రారంభించారు. దేశమంతటా 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చూడవలసిన పుట్టు లోపాల పట్టికలో డౌన్ సిండ్రోమ్ వుంది. అంగన్‌వాడీలకు వచ్చే డాక్టర్ల బృందం ఇలాంటి బిడ్డని చూస్తే జిల్లా స్థాయి కేంద్రానికి పంపాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో పసిపిల్లల గుండె ఆపరేషన్లున్నాయి. బడి ఈడు వచ్చాక మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి.

కాగితం మీద చదువుతుంటే ఎంత బాగుంది! కాని జిల్లా కేంద్రానికి రెండు బస్సులు మారి వెళ్ళే తల్లి సంగతి ఆలోచించండి. చంకలో మెడ నిలపని బిడ్డ, చేతిలో సంచీ. పోను ఒక పూట, రాను ఒక పూట. వారానికోసారి అంటే వారానికో రోజు కూలి పోయినట్టే. బస్సులో పక్కసీటావిడ బిడ్డ మొహం వంక చూసి చూసి, “ఏమైందమ్మా పాపకి?” అంటుంది. నాలుగు వారాలు వెళ్ళిన తల్లి అయిదో వారం మానేస్తే మనం ఆవిడకి శ్రద్ధ లేదంటాం! శిక్షణ ఇచ్చేవాళ్ళ దగ్గరికి తల్లి వెళ్ళడం ఒక పద్ధతి, తల్లి దగ్గరికి వాళ్ళు రావడం ఒక పద్ధతి. మొదటి ఏడాదిలోనైనా రెండో పద్ధతి వుండాలని నా మనవి. ఆ పిలుపు అందాకైనా అంగన్‌వాడీ టీచరుకి నాలుగు వ్యాయామాలు నేర్పి పెట్టకూడదా?

మళ్ళీ సాహిత్యం దగ్గరికి వస్తాను. హాలండు మీద నాకున్న రెండో ఫిర్యాదు, అందులో బిడ్డ లేదు! తల్లి వుంది, విమానం వుంది, ఎయిర్ హోస్టెస్ వుంది, పూలున్నాయి. బిడ్డ ఏమైంది? బిడ్డే హాలండు అయిపోయింది. వూరు పెరుగుతుందా? వూరు అలుగుతుందా? వూరు తల్లి కొంగు పట్టుకుని పప్పు వద్దు, పెరుగు కావాలంటుందా? బిడ్డని చూడదగిన ప్రదేశంగా మార్చేశాక, ఎంత అందమైన ప్రదేశమైనా, మనం చూసేవాళ్ళం, బిడ్డ చూడబడేది. ఆటిజం వున్న బిడ్డ తల్లి ఒకావిడ ఈ వ్యాసానికి జవాబుగా ‘వెల్‌కమ్ టు బేరూట్’ అని రాసింది. మాది పూలతోట కాదు, బాంబులు పడే వూరు అని ఆవిడ గోడు. కోపం న్యాయమైనదే. కాని అక్కడా బిడ్డ వూరే అయింది. వూరు మారింది, అంతే.

హాలండుకు ముప్ఫై నాలుగేళ్ళ ముందటి మెట్టు కూడా చూడాలి. 1953లో డేల్ ఎవాన్స్ అనే నటి, గాయని ‘ఏంజెల్ అనవేర్’ అనే చిన్న పుస్తకం రాసింది. ఆవిడ కూతురు రాబిన్ డౌన్ సిండ్రోమ్‌తో పుట్టి రెండేళ్ళయినా నిండకుండా 1952లో పోయింది. ఆ పసిది స్వర్గానికి వెళ్ళి దేవుడితో తన కథ చెప్పుకున్నట్టు రాసిందావిడ. ఇలాంటి పిల్లల్ని గదుల్లో దాచిపెట్టే రోజుల్లో, పేరున్న నటి నా బిడ్డ ఇలా వుండేది అని అచ్చులో చెప్పడం సామాన్యమైన ధైర్యం కాదు. దాచుకున్న పిల్లల్ని ఎందరో బయటికి తెచ్చారు. అయినా ఆ పుస్తకంలో బిడ్డ దేవత. దేవతకి ఎకో పరీక్ష అక్కర్లేదు, బడి అక్కర్లేదు. మన సీరియళ్ళలో ఇప్పటికీ ఇదే మెట్టు. అలాంటి బిడ్డ కథలోకి వస్తే అది తల్లి ఓర్పు చూపించడానికో, తండ్రి పాపం పండిందని చెప్పడానికో వస్తుంది. పని అయిపోగానే ఓ రాత్రి జ్వరం వచ్చి కథలోంచి తప్పుకుంటుంది. చదివేవాళ్ళకి కన్నీళ్ళు, రాసేవాళ్ళకి సదుపాయం.

దేవత అయింది, దేశమూ అయింది. మనిషి ఎప్పుడయ్యాడు? 1994లో. ఆ సంవత్సరం ‘కౌంట్ అజ్ ఇన్’ అనే పుస్తకం వచ్చింది. రాసిన వాళ్ళు ఇద్దరు యువకులు, ఇద్దరికీ డౌన్ సిండ్రోమ్. ఒకడు మిచెల్ లెవిట్జ్. రెండోవాడు ఎవరనుకున్నారు? హాలండు రాసినావిడ కొడుకు జేసనే! బడి, స్నేహం, ఆడపిల్లలు, పెళ్ళి, ఎన్నికలు అన్నిటి మీదా కబుర్లాడుకుంటారు. అక్కడక్కడ చెప్పిందే చెబుతారు, తడబడతారు, ఒకళ్ళ మాటకొకళ్ళు అడ్డం పడతారు. తాను పుట్టినప్పుడు ఏమీ నేర్చుకోడని తేల్చేసిన డాక్టరు ఇప్పుడు ఎదురుపడితే ఏం చెప్పాలో జేసన్ అందులో చెప్పాడు. తాను చేసినవన్నీ వరసగా లెక్కపెట్టాడు. హాలండు తనే నోరు విప్పి మాట్లాడిందన్నమాట! శైలి గొప్పదని అనను గాని, ఈ మూడు పుస్తకాలనూ వరసగా పెడితే ఇంటికి కావలసిన పుస్తకం ఇదే అంటాను. పొత్తిళ్ళలో బిడ్డని పట్టుకుని దిక్కు తోచక కూర్చున్న తల్లికి, ఇరవై ఏళ్ళ తరవాత ఆ బిడ్డ గొంతు ఎలా వుంటుందో ముందుగా వినిపించే పుస్తకం ఇంకేముంటుంది?

అంతా తీపిగా ముగిసిందని మాత్రం అనుకోకండి. సాల్మన్ పుస్తకంలో ఎమిలీ మనసు విప్పి చెప్పిన సంగతి ఒకటుంది. అంత నేర్పించినందువల్ల జేసన్‌కి తనకీ తక్కినవాళ్ళకీ వున్న తేడా తెలిసివచ్చింది. అటు వాళ్ళలోనూ ఇటు వీళ్ళలోనూ ఇమడలేక ఒంటరివాడయ్యాడు. ఈ మాట చదివి, అయితే నేర్పించకపోవడమే మేలు అనేవాళ్ళుంటారు. అలా అయితే చదువుకున్న మనందరం కూడా ఏడుస్తూనే వున్నాం కదా, బళ్ళు మూసేద్దామా? మూడేళ్ళ వరకు ఇంటికి తోడు నిలిచి, ముప్ఫయ్యో ఏట మనిషిని ఒంటరిగా వదిలేస్తే అది తోడ్పాటు తప్పు కాదు, మధ్యలో ఆపేసిన మన తప్పు. ఇంత నిజం చెప్పగలిగిన ఆ తల్లి అంటే నాకు గౌరవం రెట్టింపయింది. హాలండు రాసిన ఎమిలీ కన్నా ఈ ఎమిలీ పెద్ద రచయిత్రి.

చివరగా ఒక మాట. పోలిక లేకపోతే మనసు వూరుకోదు, ఏదో ఒకటి కావాలి అంటారా? దానికోసం ఇటలీ దాకా, హాలండు దాకా పోనక్కర్లేదు. బిడ్డ నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, పలికితే చిలకలు పంచడం మన ఇళ్ళలో ఆనవాయితీ. బిడ్డ ఎదుగుదలని ఇంత రుచిగా లెక్క రాసుకున్న వాళ్ళు ఇంకెవరైనా వున్నారా! ఆ ఆనవాయితీలో నాకు నచ్చేదేమిటంటే, ఏ పిండివంట ఏ నెలలో అని ఎవరూ గీత గీయలేదు. అరిసెలు అడుగులకి, నెలలకి కాదు. పదకొండో నెలలో వేసిన అడుగుకి ఎన్ని అరిసెలో, మూడో ఏట ఎంతో సాధన చేసి వేసిన అడుగుకీ అన్నే. కాని అంత ఆలస్యంగా వచ్చిన అడుగుకి పాకం పట్టే ఇల్లు ఎక్కడోగాని కనబడదు. అప్పటికే చుట్టాలు అడగడం మానేసి వుంటారు, తల్లి చెప్పుకోవడం మానేసి వుంటుంది.

అలాంటి ఇల్లు మీ వీధిలో వుంటే హాలండు వ్యాసం ఇవ్వండి, తప్పు లేదు. ఇచ్చి వెంటనే వచ్చెయ్యకండి. ఎకో పరీక్ష అయిందా అని అడగండి. వచ్చే మంగళవారం కేంద్రానికి తోడు వస్తానని చెప్పండి, లేదా ఆ పూట పెద్దపిల్లని మీ ఇంట్లో వుంచుకోండి. బిడ్డ బోర్లా పడిన రోజున, అది ఏ నెలైనా సరే, బొబ్బట్లు ఏవమ్మా అని దబాయించి అడగండి.